సి-బుక్కు దగ్గర ఆగిపోతున్న పాత పికప్పులు

పాత పికప్ బండిని కొని, నట్టు నట్టూ విప్పి, షోలో నిలబెట్టేలా తయారు చేసుకునేవాళ్లకు మన దగ్గర అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇంజను కాదు, విడిభాగాలూ కాదు. సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం. తిరుపతి, చిత్తూరు వైపు ఈ పని మీద ఉన్నవాళ్లను ఎవరిని కదిపినా మాట చివరికి అక్కడికే వస్తుంది. బండిని మారిస్తే చట్టం ఒప్పుకోదు. మార్చకుండా వింటేజ్ (యాభై ఏళ్లు దాటిన పాత బండి) కింద రాయిద్దామంటే ‘ఒరిజినల్‌గా లేదు’ అన్న మాట ఎదురవుతుంది. పైగా అది లోడు బండి. ఈ మూడు చిక్కులూ ఒక్కసారి వచ్చిపడినవి కావు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చి చేరాయి.

షో కోసం పికప్పును మలచుకోవడం అమెరికాలో మొదలైన సరదా. ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టి కారు వెనక చిన్న తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. రైతులు, చిన్న వ్యాపారులు కొన్నారు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు కాలిఫోర్నియాలో పాత బళ్లను చవగ్గా కొని, బరువు తగ్గించి, ఇంజన్లు మార్చి ఎండిన సరస్సుల నేల మీద పరిగెత్తించారు. 1950 నాటికి ఓక్లాండ్‌లో వాటికి పెద్ద ప్రదర్శనే మొదలైంది. 1947లో వచ్చిన గుండ్రటి ముక్కు షెవర్లే పికప్ ఈ రోజుకీ ఆ షోలలో అందరూ కోరుకునే బండి. క్యాబిన్ టాపు నాలుగైదు అంగుళాలు కోసి మళ్లీ అతకడం, బండిని నేలకు దించడం, తొట్టిలో పాలిష్ పట్టిన చెక్క పరచడం వాళ్ల పద్ధతి. ఇలా మార్చిన బళ్ల కోసం అక్కడ చాలా రాష్ట్రాలు విడిగా రిజిస్ట్రేషన్ తరగతులు పెట్టాయి. 1949కి ముందు తయారై, తర్వాత మార్పులు చేసిన బండి ‘స్ట్రీట్ రాడ్’. ఆ తర్వాతి మోడలై పాతికేళ్లు దాటితే ‘కస్టమ్’. రోజూ తిప్పకూడదు, షోలకు, ఊరేగింపులకు తీసుకెళ్లొచ్చు. మన కథలో లేనిది సరిగ్గా ఈ తరగతే.

మన దగ్గరికీ అమెరికా బళ్లు వచ్చాయి. ఫోర్డ్ 1926లో, జనరల్ మోటార్స్ 1928లో ఇక్కడ బళ్లు బిగించడం మొదలుపెట్టాయి. విడిభాగాలు ఇక్కడే తయారు చేయనివాళ్లు దుకాణం కట్టేయాల్సిందేనని 1953లో ప్రభుత్వం తేల్చాక రెండూ వెళ్లిపోయాయి. ఆ ఖాళీని నింపింది ఎక్కువగా జీపే. విల్లీస్ జీపులను మహీంద్రా 1947 నుంచి బిగించింది. 1958లో మూడు చక్రాల టెంపో, 1969లో మటాడోర్ వచ్చాయి. పాల క్యాన్లు, దామలచెరువు మామిడి, మదనపల్లె టమోటా, బెల్లం దిమ్మెలు మోసిన తొట్టి బళ్లు ఇవే.

ఈ బళ్ల విషయంలో బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అవి పుట్టిన రూపంలో ఎప్పుడూ లేవు. కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్ (అడుగు చట్రం), ముందు భాగం. బాడీ కట్టేది ఇక్కడి మేస్త్రీలు. ఎవరి సరుకును బట్టి వాళ్లు తొట్టి కొలతలు చెప్పి కట్టించుకునేవారు. ఇక ఇంజను సంగతి. 1973 చమురు సంక్షోభంలో పీపా ముడి చమురు ధర 3 డాలర్ల నుంచి దాదాపు 12 డాలర్లకు ఎగబాకింది. పెట్రోలు జీపుతో లోడు కొట్టడం గిట్టుబాటు కాలేదు. పెట్రోలు ఇంజన్లు దింపేసి డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. అది దొంగచాటు పని కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం 32వ సెక్షన్ ప్రకారం మార్పును అధికారుల ముందు పెట్టి, సి-బుక్కులో రాయించుకునే వీలుండేది. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసేవాడు, సంతకం పెట్టేవాడు, బండి మళ్లీ రోడ్డెక్కేది.

రేణిగుంట రోడ్డు వైపు ఒక షెడ్డులో అలాంటి జీపు పికప్పే షోకు తయారవుతుంటే చూశాను. డ్రైవరు వైపు డోరు విప్పి రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టారు. నీళ్లు చల్లుతూ ఎమ్రీ పేపరుతో రుద్దుతుంటే పైన నీలం పోయి కింద ఆకుపచ్చ, దాని కింద పాత బూడిదరంగు బయటపడ్డాయి. ఆ బూడిదరంగు మీద చేత్తో రాసిన తెల్ల అక్షరాలు తేలాయి: బండి ఖాళీ బరువు, మోయగల బరువు, కింద సగం చెరిగిన ఊరి పేరు. మేస్త్రి చెయ్యి ఆపి, ‘అన్నా, ఇది గీకేస్తే మళ్లీ రాదు’ అన్నాడు. ఓనరు ఆ ముక్క అలాగే ఉంచి పైన క్లియర్ కోటు కొట్టమన్నాడు. కమాన్ పట్టీలు (స్ప్రింగు బద్దలు) రెండు తీసేసి బండిని కాస్త కిందికి దించారు. తొట్టికి మందపాటి చెక్క వేస్తున్నారు. ఇది కేవలం అలంకారమని నేననుకోను. ఆ బండి ఎవరి కోసం ఎంత మోసిందో దాని ఒంటి మీదే రాసి ఉంది.

మార్పును సి-బుక్కులో రాయించుకుని రోడ్డెక్కే రోజులు క్రమంగా పోయాయి. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టం 52వ సెక్షన్ ముందే నోటీసిచ్చి, అనుమతి పొంది మార్చుకోమంది. 2000లో ఆ సెక్షన్‌నే తిరగరాశారు. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చనే కూడదు. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటి ఇంధన మార్పులకు మాత్రం షరతులతో మినహాయింపు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే ఖాయం చేసింది. రంగు మార్చుకోవచ్చు గానీ బండి నిర్మాణాన్ని మార్చడం కుదరదంది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంది.

ఈ కట్టుదిట్టం వెనక కారణం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తిరుమల కొండకు వెళ్లే దారి మనకు ఎదురుగానే ఉంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి. ఆ మలుపుల్లో తప్పుగా అతికిన ఛాసిస్, బరువుకు చాలని బ్రేకులు ఏం చేస్తాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పట్టీలు తీసేస్తే బండి నడక మారుతుంది. పెద్ద ఇంజను పెట్టి పాత డ్రమ్ బ్రేకులు వదిలేస్తే అది ప్రమాదమే. కానీ మార్పును పరీక్షించి ఒప్పుకోవడం వేరు, పరీక్షకే నిలబెట్టకుండా కాదనడం వేరు. మొదటిది మనకు దశాబ్దాల పాటు ఉంది.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల బళ్లకు ‘విఎ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. రోజువారీ వాడకం కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించుకోవడానికి రోడ్డెక్కొచ్చు. పాత కార్లు, మోటారు సైకిళ్లు దాచుకున్నవాళ్లకు ఇది నిజంగా మేలు. పికప్పుకు మాత్రం రెండు చోట్ల అడ్డం పడింది. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పు ఉండకూడదు. వాణిజ్యానికి కాక సొంతానికి వాడే బండై ఉండాలి. మన పికప్పులు పుట్టిందే సరుకు మోయడానికి. డీజిల్ ఇంజను ఎక్కిందీ అప్పటి అధికారుల అనుమతితోనే. ఆనాడు చట్టం ఒప్పుకున్న మార్పే ఈనాడు అనర్హత అయింది. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

లోడు బండిని సొంత బండిగా చూడలేమన్న వాదన కూడా ఇప్పుడు నిలవదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు కంపెనీ పికప్పులు తయారు చేస్తోంది. వాటిలో వి-క్రాస్ రకాన్ని జనం వైట్ బోర్డుతో సొంతానికే తిప్పుకుంటున్నారు. వెనక తొట్టి ఉన్నంత మాత్రాన ఎల్లో బోర్డే అనే కాలం పోయింది.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. పాత సి-బుక్కులో అధికారి సంతకంతో నమోదైన ఇంజను, బాడీ మార్పులను ‘పెద్ద మార్పు’ల లెక్క నుంచి మినహాయించాలి. ఒకప్పుడు ఎల్లో బోర్డుతో తిరిగి, వాణిజ్య వాడకం మానేసిన యాభై ఏళ్ల బండిని సొంత బండిగా రాసుకోనివ్వాలి. షో కోసం కొత్తగా మార్చిన బళ్లకు విడి తరగతి పెట్టి, బ్రేకులు, స్టీరింగు, వెల్డింగు పరీక్షించి, వింటేజ్ బళ్లకున్న తిరుగుడు షరతులే పెట్టొచ్చు. ఇవన్నీ కేంద్ర నిబంధనల్లో రావాల్సిన మార్పులు, తిరుపతి ఆర్టీఓ ఆఫీసు చేతిలో ఉన్నవి కావు. అవి వచ్చేదాకా మార్చిన పికప్పును చెన్నై షోకు తీసుకెళ్లాలంటే ఇంకో లారీ మీద ఎక్కించుకు పోవాల్సిందే.