మిర్యాలగూడ ఎంపీ సీటు పోయింది, మీ ఓటు పోలేదు: అపోహలు - వాస్తవాలు

డీలిమిటేషన్, అంటే నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడం, అనే మాట టీవీలో వినబడిందంటే చాలు, మాకు పని పెరుగుతుంది. నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఓటర్ల జాబితాల పని చూస్తూ వచ్చినవాణ్ని. ఫోన్లు చేసేవాళ్లు, కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు అడిగేది దాదాపు ఒకే మాట: "అప్పుడు మిర్యాలగూడ పార్లమెంటు తీసేసినప్పుడు మా ఓట్లు గల్లంతైనయట. మళ్లీ అట్లనే అయితదా సార్?"

కాదు. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాదు. ఇది ఎంత చెప్పినా తరగడం లేదు కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. భయపడి అడిగేవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. తెలియక భయపడతారు, అది సహజం. సగం విన్నది వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మీదే కోపం.

ముందు రెండు ముక్కల్లో చరిత్ర. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం 1962 ఎన్నికలతో మొదలైంది. చివరి ఎన్నిక 2004లో జరిగింది. మధ్యలో మొత్తం 12 ఎన్నికలు. జస్టిస్ కుల్‌దీప్ సింగ్ డీలిమిటేషన్ కమిషన్ గీసిన కొత్త హద్దులు 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చాయి. వాటితో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 7 లోక్‌సభ స్థానాలు కనుమరుగయ్యాయి: మిర్యాలగూడ, సిద్దిపేట, హన్మకొండ, భద్రాచలం, తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం. వాటి బదులు భువనగిరి, చేవెళ్ల, మల్కాజిగిరి, జహీరాబాద్, మహబూబాబాద్, విజయనగరం, అరకు వచ్చాయి. రాష్ట్రం మొత్తం లెక్క మాత్రం 42 దగ్గరే ఉంది.

అపోహ: ఎంపీ సీటు రద్దయితే ఆ సీటు ఓటర్ల జాబితా కూడా రద్దవుతుంది. కార్డు చెల్లదు, మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

జనానికి ఎక్కువ నష్టం చేసింది ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అసలు పార్లమెంటు నియోజకవర్గానికంటూ వేరే ఓటర్ల జాబితా ఉండదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జాబితా తయారయ్యేది అసెంబ్లీ నియోజకవర్గం వారీగా. దాని పరిధిలోని అసెంబ్లీ జాబితాలన్నీ కలిపితే అదే పార్లమెంటు జాబితా. అంటే "మిర్యాలగూడ పార్లమెంటు ఓటర్ల జాబితా" అనే పుస్తకం ఎప్పుడూ లేదు. లేని పుస్తకాన్ని ఎవరు రద్దు చేస్తారు? మీ పేరు ఉండేది మీ అసెంబ్లీ జాబితాలో, మీ పోలింగ్ కేంద్రం భాగంలో, ఒక వరుస సంఖ్య దగ్గర. 2008లో హద్దులు మారినప్పుడు ఆ భాగాలను కొత్త అసెంబ్లీల కింద సర్దారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అసెంబ్లీలు నల్లగొండ పార్లమెంటు కిందికి, తుంగతుర్తి భువనగిరి కిందికి వచ్చాయి. ఓటరు చేయాల్సిన పని ఏమీ లేదు.

కానీ జరిగిందేమిటి? 2009 ఏప్రిల్ 16న మా వైపు అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్. బూత్‌లో రెండు మిషన్లు. ఎమ్మెల్యే మిషన్ మీద గులాబీ రంగు కాగితం, ఎంపీ మిషన్ మీద తెల్ల కాగితం. నేనున్న చోట ఒక పెద్దాయన గులాబీ మిషన్ మీద నొక్కి బయటికి వచ్చేస్తున్నాడు. "తాతా, ఇంకోటి ఉంది" అంటే, "మాకు ఎంపీ సీటు పోయింది గద బిడ్డా, అది మాకు గాదు" అన్నాడు. నచ్చజెప్పి వెనక్కి పంపాం. పంపేవాళ్లు లేని చోట ఎంతమంది అలా వచ్చేశారో అనుకుంటే ఇప్పటికీ బాధే. సీటు పేరు పోయినంత మాత్రాన ఎంపీ లేని ఊరు ఈ దేశంలో ఉండదు. మిర్యాలగూడ మనిషికి అప్పటిదాకా మిర్యాలగూడ ఎంపీ, ఆ రోజు నుంచి నల్లగొండ ఎంపీ.

రెండో నష్టం ఇంకా పెద్దది. "కొత్త నియోజకవర్గం వచ్చింది, కొత్తగా రాయించుకోండి" అని ఊళ్లో ఎవరో చెప్పడం, ఇంటిల్లిపాదీ ఫారం 6 నింపడం. ఫారం 6 మొదటిసారి ఓటు నమోదు చేసుకునేవాళ్లకు. అందులో, ఇంకెక్కడా నాకు ఓటు లేదు అని మీరు సంతకం పెట్టి చెబుతారు. ఉన్న ఓటును పెట్టుకుని అది నింపితే ఒకే మనిషికి రెండు పేర్లు పడతాయి. ఆ తర్వాత తనిఖీలో డూప్లికేట్ అని తేలి, ఒక్కోసారి ఉండాల్సిన పేరే ఎగిరిపోతుంది. ఓటు పోతుందని భయపడి చేసిన పనే ఓటు పోగొడుతుంది. పైగా తెలిసి తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. అమాయకంగా సంతకం పెట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కనబడే టెన్షన్ చూడలేం. ఫారాలు పంచి వెళ్లిపోయినవాడు మాత్రం అప్పటికి ఎక్కడా కనబడడు.

ఇల్లు మారితే, పేరులో తప్పుంటే, కార్డు పోతే ఫారం 8. హద్దులు మారినందుకు ఏ ఫారమూ అక్కర్లేదు.

ఇక కార్డు సంగతి. పాత కార్డు మీద పాత నియోజకవర్గం పేరు ఉంటుంది. ఉండనివ్వండి. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డయినా సరే, మీరు ఓటేసే కేంద్రం జాబితాలో మీ పేరు ఉంటే అది గుర్తింపుగా చెల్లుతుంది. కార్డే లేకపోతే ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివి ఎన్నికల సంఘం ఒప్పుకుంటుంది. తిరగేసి చెప్పాలంటే, మెరిసిపోయే కొత్త కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. మీరు చూసుకోవాల్సింది జాబితా. కార్డు మీది పేరు గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఈ అపోహకు ఇంకో కొమ్మ ఉంది, ఈ మధ్య అదే ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. అమ్మానాన్నల పేర్లు పాత జాబితాల్లో వెతకాల్సి వచ్చిన పిల్లలు "మా ఊరే లేదు, మా వాళ్ల పేర్లు తీసేశారు" అని ఏడుపు మొహంతో వస్తారు. పెద్దవూర వైపు నుంచి ఒకమ్మాయి అలాగే వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్న చనిపోయి చాలా ఏళ్లయింది. నాగార్జునసాగర్ నియోజకవర్గం పేరుతో పాత జాబితా వెతికి, కనబడక, నెట్ సెంటర్‌లో ఎవరో "రికార్డులు తగలబడ్డాయి" అంటే నమ్మేసింది. తగలబడింది ఏమీ లేదు. 2009కి ముందు నాగార్జునసాగర్ అనే అసెంబ్లీ సీటే లేదు. ఆ ఊళ్లు చలకుర్తి నియోజకవర్గంలో ఉండేవి. చలకుర్తి కింద తీస్తే నాన్న పేరు, తాత పేరు, ఇంటి నంబరుతో సహా ఉన్నాయి. ఆ అమ్మాయి ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాసేపు అలాగే కూర్చుండిపోయింది.

కాబట్టి 2009కి ముందు జాబితా వెతికేవాళ్లు పాత పేర్లతోనే వెతకాలి. ఉమ్మడి నల్లగొండలో అసెంబ్లీ సీట్లు అప్పుడూ 12, ఇప్పుడూ 12. పోయినవి చలకుర్తి, రామన్నపేట. వచ్చినవి నాగార్జునసాగర్, హుజూర్‌నగర్. పేరు అదే ఉన్నా హద్దు మారినవి కొన్ని, రిజర్వేషన్ మారినవి కొన్ని. సూర్యాపేట ఎస్సీ నుంచి జనరల్‌కు వచ్చింది, నకిరేకల్, తుంగతుర్తి జనరల్ నుంచి ఎస్సీకి వెళ్లాయి. ఇంకో చిక్కు ఉంది, దీన్ని మా సిబ్బందిలో కొత్తవాళ్లు కూడా మర్చిపోతుంటారు. పాత హద్దులు 1976 నాటి డీలిమిటేషన్ ఆర్డర్‌వి. మండలాలు వచ్చింది 1985లో. అంటే ఆ హద్దులు గీసినప్పుడు తాలూకాలే తప్ప మండలం అనేదే లేదు. అందుకే ఒకే మండలంలో పక్కపక్కనున్న రెండు ఊళ్లు పాత లెక్కలో రెండు వేర్వేరు నియోజకవర్గాల్లో ఉండొచ్చు. మండలం పేరు పట్టుకుని వెతకకండి. ఊరి పేరు పట్టుకోండి. దొరక్కపోతే పక్క నియోజకవర్గం జాబితా కూడా తీసి చూడండి.

అపోహ: ఫలానా నాయకుడి మీద కక్షతో మిర్యాలగూడ సీటు తీసేశారు.

ఏ నాయకుడో చెప్పమంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. అప్పుడు అక్కడి ఎంపీ ఎస్. జైపాల్ రెడ్డి, కేంద్ర మంత్రి. 1999లో, 2004లో ఆయన గెలిచింది మిర్యాలగూడ నుంచే. సీటు పోయాక 2009లో చేవెళ్ల నుంచి నిలబడి గెలిచారు. కేంద్రంలో అధికారంలో ఉన్న పార్టీ మంత్రి సీటే పోయిందంటే, కక్ష కథ ఎక్కడ నిలుస్తుంది?

అసలు కారణం జనాభా. 42వ రాజ్యాంగ సవరణ 1976లో రాష్ట్రాల సీట్ల సంఖ్యను కదలకుండా కట్టేసింది. 84వ సవరణ ఆ కట్టును 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. సంఖ్య మారకూడదు, కానీ రాష్ట్రం లోపల హద్దులు 2001 జనాభా ప్రకారం సరిచేయాలి. ఈలోపు హైదరాబాద్ చుట్టూ జనం విపరీతంగా పెరిగారు. అక్కడ మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టాలంటే, మొత్తం 42 దాటకూడదంటే, ఇంకెక్కడో తగ్గాలి. పల్లె సీట్లు తగ్గాయి. దీన్ని అన్యాయం అనేవాళ్లతో నేను వాదించను, వాళ్ల బాధలో నిజం ఉంది. కానీ అది లెక్క వల్ల వచ్చిన బాధ, కుట్ర వల్ల వచ్చింది కాదు. కమిషన్‌లో రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుంటారు. వాళ్లు మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు.

అపోహ: మిర్యాలగూడ అంటే ఎప్పుడూ ఎర్రజెండానే.

సాయుధ పోరాటం నడిచిన నేల కాబట్టి అందరూ అలా అనుకుంటారు. లెక్క చూడండి. 1962లో సీపీఐ నుంచి లక్ష్మీదాస్, ఆ తర్వాత 1971, 1984, 1991లో సీపీఎం నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి. అంతే, నాలుగు సార్లు. మిగతా 8 సార్లూ కాంగ్రెసే: జి.ఎస్. రెడ్డి మూడుసార్లు, బద్దం నర్సింహారెడ్డి మూడుసార్లు, జైపాల్ రెడ్డి రెండుసార్లు. తెలుగుదేశం ఈ సీటును ఒక్కసారి కూడా గెలవలేదు. బీఎన్ (భీమిరెడ్డి నరసింహారెడ్డి) మీద మా ప్రాంతంలో ఉన్న గౌరవం వేరు, అది ఓట్ల లెక్కకు అందేది కాదు. అందుకే మూడు గెలుపులు జనం జ్ఞాపకంలో పన్నెండంత అయ్యాయేమో.

అపోహ: రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది మిర్యాలగూడ నుంచే. 480 మంది పోటీ చేసింది కూడా అక్కడే.

రెండూ నల్లగొండ సీటువి. 1952లో మిర్యాలగూడ సీటే లేదు. నల్లగొండ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక జనరల్, ఒక ఎస్సీ. కమ్యూనిస్టులు అప్పుడు ఎన్నికల్లో నిలబడిన వేదిక పీడీఎఫ్ అభ్యర్థిగా రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ఇద్దరు సభ్యుల పద్ధతిని 1961 చట్టంతో ఎత్తేశాక, 1962లో మిర్యాలగూడ పేరు పార్లమెంటు పటంలోకి వచ్చింది. ఇక 480 మంది సంగతి 1996 నాటిది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన జనం గోడు ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పుస్తకంలా తయారైంది. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం. ఆ ఎన్నిక తర్వాత అదే ఏడాది లోక్‌సభకు జనరల్ అభ్యర్థుల డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది.

అపోహ: కొత్త జిల్లా వస్తే కొత్త ఎంపీ సీటు వస్తుంది.

రాదు. 2016 అక్టోబరులో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వచ్చాయి, నియోజకవర్గాల హద్దు ఒక్క గీత కూడా కదల్లేదు. కలెక్టర్ మారితే ఎంపీ మారడు.

అపోహ: ఒకసారి పోయిన సీటు మళ్లీ రాదు. లేదా, ఈసారి మిర్యాలగూడ తప్పకుండా వస్తుంది, మాట ఇచ్చారు.

రెండు వైపులా ఖాయంగా చెప్పేవాళ్లను నమ్మకండి. హుజూర్‌నగర్ అసెంబ్లీ సీటు 1972 ఎన్నికల తర్వాత పోయి, 2009లో తిరిగి వచ్చింది. అలాగని మిర్యాలగూడకూ అదే జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు, ఏ నాయకుడి చేతిలోనూ ఆ పని లేదు. కమిషన్ ముందు ముసాయిదా ప్రచురిస్తుంది, అభ్యంతరాలకు గడువు ఇస్తుంది, బహిరంగ విచారణలు పెడుతుంది. మాట్లాడాల్సిన సమయం అదే. తుది ఆర్డర్ గెజిట్‌లో వచ్చాక పార్లమెంటు గానీ అసెంబ్లీ గానీ దాన్ని మార్చలేవు, 329వ అధికరణం వల్ల కోర్టులు కూడా మామూలుగా అందులో వేలు పెట్టవు. ముసాయిదా వచ్చిన రోజు మీ ఊరు ఏ అసెంబ్లీలో పడిందో చూసుకుని, అభ్యంతరం ఉంటే కారణం రాసి గడువులోపు పంపండి. జనాభా ఎంత, ఆ అసెంబ్లీ కేంద్రానికి దారి ఎలా ఉంది, మధ్యలో వాగు ఉందా అన్నవి రాయండి. ఊరి పేరు, భాగం సంఖ్య మర్చిపోవద్దు.