క్యారియర్ ఆయిల్స్, బటర్లు: అపోహలు - వాస్తవాలు

ఒంటికి నేరుగా రాసుకునే, లేదా ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల నుంచి తీసే ఘాటైన సుగంధ తైలం) కలుపుకునే మామూలు నూనెలే క్యారియర్ ఆయిల్స్. గింజల నుంచి తీసే, గడ్డకట్టే కొవ్వులే బటర్లు. వరంగల్‌లో ఇప్పుడు కట్టె గానుగ నూనె దొరకడం కష్టం కాదు, ఆన్‌లైన్‌లో ఆఫ్రికా షియా గింజల బటర్ తెప్పించుకోవడమూ కష్టం కాదు. వాటితో పాటే వచ్చిపడే సలహాలతోనే చిక్కంతా. ఒక నూనె ఒంటి మీద ఎట్లా పనిచేస్తుందో తేల్చేది దాని పేరో, ధరో కాదు. అందులోని కొవ్వు ఆమ్లాలు, అది నిల్వ ఉన్న తీరు, మన దగ్గరి ఎండ. ఈ మూడింటినీ పట్టించుకోని సలహాలే కింది అపోహలు.

అపోహ: గానుగ నూనె అయితే చాలు, కళ్లు మూసుకుని ముఖానికి రాయొచ్చు.

వంటకు మంచిదైన ప్రతి గానుగ నూనె చర్మానికి సిద్ధంగా ఉన్నట్టు కాదు. నువ్వులు ఆడించేటప్పుడు నూనె పిండి నుంచి విడిపడటానికి కొద్దిగా నీళ్లు, బెల్లం వేస్తారు. ఆ తడి, సన్నని మడ్డి నూనెలో మిగిలితే నెలా రెండు నెలల్లో నూనె విరిగి ముక్క వాసన వస్తుంది, సున్నితమైన చర్మం మీద మంట పుడుతుంది. కొన్న నూనెను స్టీలు గిన్నెలో మూతపెట్టి మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచండి. పైనున్న తేట నూనెను మాత్రమే పొడి నూలుగుడ్డలో వడకట్టి ముదురు రంగు సీసాలో పోయండి. తడి ఉందో లేదో తెలియాలంటే రెండు చెంచాల నూనెను చిన్న గిన్నెలో వేడి చేయండి: చిటపటలాడితే తడి ఉన్నట్టే.

రిఫైన్డ్ అనగానే విషమన్నట్టు చూడటం కూడా సరికాదు. శుద్ధి చేసినప్పుడు అలర్జీ తెచ్చే ప్రోటీన్లు చాలావరకు పోతాయి, వాసనా పోతుంది. పల్లీలు, నువ్వులు పడనివాళ్లకు మాత్రం ఆ నూనెలు ఏ రూపంలోనూ వద్దు, వేరే నూనె ఎంచుకోవాలి. మల్లె, గులాబీ వంటి ఖరీదైన ఎసెన్షియల్ ఆయిల్ కలపాలనుకుంటే ఘాటైన గానుగ నువ్వుల నూనెలో కలిపి పాడుచేయకండి. వాసన లేని పొద్దుతిరుగుడు నూనె చాలు.

అపోహ: నూనె చర్మానికి తేమ ఇస్తుంది.

శుభ్రమైన నూనెలో నీళ్ల చుక్క ఉండదు. అది చేసేది ఉన్న తేమ ఆవిరి కాకుండా ఆపడం. అందుకే స్నానం చేసి తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లో, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగా రాయాలి. రెండు చేతులకు అర టీస్పూన్ సరిపోతుంది.

అపోహ: కరిగిపోయిన బటర్ కల్తీది, పలుకులు కట్టింది పాడైంది.

ఇది మన ఊళ్లలో ఎక్కువగా నష్టం చేసే అపోహ. మంచి సరుకును పారబోసేలా చేస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. షియా 30ల్లో, కోకో బటర్ 34 నుంచి 38 మధ్య, కోకమ్ బటర్ 40కి అటూ ఇటూ కరుగుతాయి. వరంగల్‌లో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలుంటుంది. అప్పుడు ఏ బటరైనా నూనే. కొరియర్ బండిలో ఒక రోజు తిరిగిన షియా డబ్బా కరిగి వస్తే అందులో కల్తీ ఏమీ లేదు.

పలుకులు కట్టడానికి కారణం వేరు. కరిగిన బటర్ మెల్లగా చల్లారితే, స్టియరిక్ ఆమ్లం (గట్టిపడే రకం కొవ్వు ఆమ్లం) ఎక్కువున్న భాగం ముందు గడ్డకట్టి రవ్వలా తేలుతుంది, మిగతాది తర్వాత గట్టిపడుతుంది. చర్మానికి హాని లేదు, చేతికి గరుకుగా తగులుతుందంతే. సరిచేయాలంటే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 75-80 డిగ్రీల దాకా పూర్తిగా కరిగించి, 20 నిమిషాలు ఆ వేడిలోనే ఉంచి, గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి కలుపుతూ త్వరగా చల్లార్చండి. చిక్కబడగానే డబ్బాల్లో పోసి పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

బామ్ చేసేవాళ్లు ఒకే కొలతతో ఏడాదంతా చేయడం వల్లే ఎండాకాలంలో ఫిర్యాదులు వస్తాయి. 44 డిగ్రీల్లో బటర్లు దేన్నీ నిలబెట్టలేవు. నిలబెట్టేది తేనెమైనం ఒక్కటే, అది కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. వంద గ్రాములకు ఎండాకాలం కొలత: తేనెమైనం 22, కోకమ్ 20, షియా 20, నువ్వుల నూనె 38 గ్రాములు. చలికాలానికి: మైనం 12, కోకమ్ 8, షియా 30, నువ్వుల నూనె 50. చలికాలంలో ఎండాకాలం కొలత వాడితే వేలితో గీరినా రాదు, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు. మైనం, కోకమ్ ముందు కరిగించి, షియా చివర్లో వేయాలి.

అపోహ: షియాకు సాటి వచ్చేది మన దగ్గర లేదు.

ఉట్నూరు, ఏటూరునాగారం అడవుల్లో ఇప్పచెట్టు, ఆఫ్రికా షియా చెట్టు ఒకే కుటుంబానివి. ఇప్ప గింజల నూనెలోనూ ఒలియిక్, పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలే ప్రధానం. చలికి నెయ్యిలా పేరుకుంటుంది. షియా కన్నా మెత్తన, అందుకే 30 గ్రాముల షియా బదులు 20 గ్రాముల ఇప్ప నూనె, 10 గ్రాముల కోకమ్ వేయండి. లోపం నూనెలో కాదు, గింజను దాచే తీరులో ఉంది. గింజలు వానలు మొదలయ్యే రోజుల్లో రాలతాయి. సరిగా ఎండకుండా బస్తాల్లో కట్టేస్తే బూజుపట్టి, నూనె ఆడించేసరికే కంపు కొడుతుంది. పప్పు విరిస్తే పటుక్కున విరగాలి, వంగకూడదు. బాగా ఎండిన గింజకు మంచి ధర ఇచ్చి కొనేవాళ్లు పెరగాలని నా గట్టి కోరిక.

అపోహ: తలకు నూనె పెట్టకపోవడం వల్లే చుండ్రు.

చుండ్రుతో ముడిపడిన మలసీజియా అనే ఈస్ట్ కొవ్వు ఆమ్లాలు తిని బతుకుతుంది. కుదుళ్లకు రాత్రంతా నూనె పట్టిస్తే దానికి మేత వేసినట్టే. పొట్టు కాసేపు మెత్తబడి తగ్గినట్టు కనిపిస్తుంది, తర్వాత దురద ఎక్కువ కావచ్చు. నూనె పెట్టాలనుకుంటే వెంట్రుకల పొడవుకు, తలస్నానానికి గంట ముందు చాలు. కుదుళ్లకు ఆ ఈస్ట్‌ను తగ్గించే కీటోకొనజోల్ షాంపూ పట్టించి అయిదు నిమిషాలుంచి కడగండి.

అపోహ: విటమిన్ ఇ క్యాప్సూల్ పిండితే నూనె పాడవదు.

మందుల షాపు క్యాప్సూల్స్‌లో సాధారణంగా ఉండేది టోకోఫెరిల్ అసిటేట్ అనే విటమిన్ ఇ రూపం. సీసాలో నూనె ముక్కిపోకుండా అది ఆపలేదు. దాన్ని నెమ్మదింపజేసేది టోకోఫెరాల్ అనే రూపం: 100 గ్రాములకు పావు గ్రాము నుంచి అర గ్రాము. అయినా అది బూజును, బ్యాక్టీరియాను ఆపదు. కలబంద గుజ్జు, రోజ్ వాటర్ కలిపిన ఏ నూనెకైనా విడిగా ప్రిజర్వేటివ్ ఉండాల్సిందే. లేదంటే ఏ పూటకాపూట కలుపుకోవాలి.

అపోహ: ఫ్రిజ్‌లో గడ్డకడితే స్వచ్ఛమైన కొబ్బరి నూనె.

పామ్ కెర్నెల్ నూనె కూడా గడ్డకడుతుంది. ఈ పరీక్షతో ఏదీ తేలదు. అదే ఎసెన్షియల్ ఆయిల్‌లో వంట నూనె కలిపారేమో చూడటానికి మాత్రం తెల్ల కాగితం పనికొస్తుంది: చుక్క వేసి మర్నాడు చూస్తే జిడ్డు మరక మిగిలిందంటే అనుమానించాలి. గంధం, వట్టివేరు లాంటి చిక్కటి నూనెలకు ఈ పరీక్ష వర్తించదు.

అపోహ: కొబ్బరి నూనె, క్యారెట్ గింజల నూనె సన్‌స్క్రీన్ పని చేస్తాయి. చేయవు.

అపోహ: సహజమైనవి కాబట్టి పసిపిల్లలకు ఎంతైనా వాడొచ్చు.

స్నానం పోసేటప్పుడు పసిబిడ్డ ముక్కులో, చెవిలో ఆముదమో, కొబ్బరి నూనో చుక్కలు వేసే అలవాటు ఇంకా ఉంది. దయచేసి మానండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి లైపాయిడ్ న్యుమోనియా (నూనె చేరడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు) తేవచ్చు. కర్పూరం, యూకలిప్టస్ కలిపిన నూనెలు చిన్నపిల్లల ముక్కు, ఛాతీ దగ్గరికి రానీయకండి. కర్పూరం పొట్టలోకి పోతే ఫిట్స్ రావచ్చు. వేప నూనె తాగించడమూ ప్రమాదమే. ఒంటికి మర్దనకైతే ఆలివ్ కన్నా పొద్దుతిరుగుడు నూనె నయం: ఆలివ్‌లో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లం మరీ ఎక్కువైతే చర్మపు పైపొర బలహీనపడుతుంది.

పెద్దలకు నూనెలో ఎసెన్షియల్ ఆయిల్ కలిపే లెక్క ఇది: ఒక మిల్లీలీటరు అంటే సుమారు 20 చుక్కలు. ముఖానికి ఒక శాతం చాలు, అంటే 30 మిల్లీలీటర్ల నూనెకు 6 చుక్కలు. ఒంటి మర్దనకు రెండు శాతం, 100 మిల్లీలీటర్లకు 40 చుక్కలు. గానుగలో పిండినట్టే తొక్క పిండి తీసిన నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుంది. కొత్త మిశ్రమం ఏదైనా మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడండి.

అపోహ: నూనె తువ్వాళ్లతో మురికి తప్ప ప్రమాదం లేదు.

మసాజ్ గదులు నడిపేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. అవిసె, పొద్దుతిరుగుడు వంటి నూనెలు గాలి తగిలి ఆక్సీకరణ చెందేటప్పుడు వేడి పుడుతుంది. నూనె పీల్చిన తువ్వాళ్లు కుప్పగా పడి ఉంటే, లేదా సరిగా వదలని జిడ్డుతో డ్రైయర్‌లో ఆరి వేడిమీదే మడతపెడితే, ఆ వేడి బయటికి పోలేక నిప్పు అంటుకోవచ్చు. వాడిన వెంటనే చాకలి సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. దండెం మీద విడివిడిగా ఆరేసి, పూర్తిగా చల్లారాకే మడతపెట్టండి. ఉతికినా ముక్క వాసన పోని తువ్వాలును మళ్లీ వాడకండి.