గీజర్‌కు గాలి కావాలి

ధనుర్మాసంలో ఓ తెల్లవారుజామున, తిరుపతిలో మా అత్త బాత్రూమ్‌లోంచి కేకేసింది: "టిక్కు టిక్కుమంటా ఉంది, అంటుకోలేదబ్బా!" ఆ గ్యాస్ గీజర్‌ వయసు పదకొండేళ్లు. అంతకుముందు పెరట్లో కట్టెలేసి కాచే రాగి బాయిలర్ ఉండేది.

టిక్కుమంటోందంటే సగం సంగతి తెలిసిపోయినట్టే. ఈ గీజర్‌లో గ్యాస్ తాళం నీళ్ల చేతిలో ఉంటుంది. కుళాయి తిప్పగానే నీళ్ల ఒత్తిడికి లోపలి రబ్బరు పొర కదులుతుంది, దాంతో ఒక చిన్న స్విచ్ పడుతుంది. రెండు పెద్ద సెల్లుల కరెంటుతో ఒకపక్క నిప్పురవ్వలు పుడతాయి, ఇంకోపక్క గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. సెల్లులు నీరసించినా రవ్వలు వస్తూనే ఉంటాయి, వాల్వ్ లేవడానికే బలం చాలదు. రెండు సెల్లులూ మార్చగానే గీజర్ వెలిగింది.

టిక్కుమనకపోతే మాత్రం సెల్లులతో పాటు నీళ్ల ఒత్తిడినీ అనుమానించాలి. నీళ్ల మట్టం పది మీటర్ల ఎత్తులో ఉంటే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మిద్దె మీది ట్యాంకు గీజర్ కంటే రెండు మీటర్లే ఎత్తులో ఉంటే వచ్చేది 0.2 బార్, రబ్బరు పొరను కదపడానికి అది చాలకపోవచ్చు. కింది ఇంట్లో బాగా వెలిగే గీజర్ పై అంతస్తులో మొరాయించేది ఇందుకే.

మా గీజర్ వెలిగింది గానీ నీళ్లు సన్నగా వచ్చాయి. నీళ్ల పైపు విప్పి జల్లెడ తీశాను. దాని నిండా బొంబాయి రవ్వలాంటి తెల్లటి సున్నం. మాది బోరు నీళ్లు, బకెట్ అంచున కట్టే తెల్ల చార కూడా ఇదే. నీళ్లు కాగినప్పుడు అందులో కరిగివున్న కాల్షియం సున్నపురాయిగా మారి రాగి గొట్టానికి లోపల అంటుకుంటుంది. జల్లెడను పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు, గొట్టంలోని పొరను మెకానిక్ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లతో కరిగిస్తాడు. గ్యాస్ వైపు భాగాలు మాత్రం మనం విప్పకూడదు.

ఆ పనిలో ఉండగానే గీజర్ చిన్న కిటికీలోంచి మంట కనిపించింది. నీలంగా ఉండాల్సింది, పసుపుగా నాలుకలు చాస్తోంది. నాకు అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. వెలగని గీజర్‌తో పోయేది ఒక పూట వేడినీళ్లే. పసుపు మంటంటే గ్యాస్‌కు చాలినంత గాలి అందడం లేదని అర్థం. అలాంటప్పుడు రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ దీన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గ్యాస్ లీకైతే వాసన పట్టిస్తుంది, దీన్ని పట్టించేది ఏదీ ఉండదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి వచ్చేయాలి. అయితే కాళ్లలో సత్తువ కూడా అప్పటికే పోతుంది, లోపల గడియ వేసి ఉంటుంది.

లెక్క వేసి చూశాను. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 16 గ్రాముల గ్యాస్ కాలాలి. దానికి దాదాపు 200 లీటర్ల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో ఉండేది 6,800 లీటర్లు. పది నిమిషాల స్నానానికి అందులో పావు భాగం పైగా మంటకే పోతుంది. చలికి వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెడితే కొత్త గాలి వచ్చేదెక్కడి నుంచి? గాలి తగ్గేకొద్దీ మంట ఇంకా చెడుతుంది, విషవాయువు ఇంకా పెరుగుతుంది. మా వెంటిలేటర్‌కు అత్త పెట్టింది పాత క్యాలెండర్ అట్ట. దాన్ని ఆ క్షణమే పీకేశాను.

మెకానిక్ వచ్చి బర్నర్‌లోని దుమ్ము, సాలెగూడు తీశాడు. రాగి రేకుల మధ్య పట్టిన మసి దులిపాడు. గ్యాస్ ట్యూబ్ మార్చి, అతుకుల దగ్గర సబ్బు నురుగు పూసి, బుడగలు రావడం లేదని చూపించాడు. తర్వాత గీజర్‌ను బాత్రూమ్‌లోంచి తీసేసి, వాన తగలకుండా వెనక వసారా గోడకు బిగించాడు.

పైపు పొడవు పెరిగింది కాబట్టి మొదట కాసేపు చన్నీళ్లే వస్తాయి. ఆ నీళ్లను అత్త తులసికోటకు పోస్తోంది. కుళాయి తిప్పాక వసారాలోకొచ్చి, కిటికీలో మంట నీలంగా ఉందో లేదో చూసుకుని గానీ స్నానానికి వెళ్లదు.