మూసేసిన గనికి కాపలా ఎందుకు?

టెయిలింగ్స్ డ్యాముల భద్రత చూసే ఉద్యోగం నాది. అంటే, ఖనిజం తీసేశాక మిగిలే బురదను నిలిపి ఉంచే గట్లు. ఏ గ్రామసభకు వెళ్లినా ఒక మాట వినాల్సిందే: "గని మూసేశారు కదండీ, ఇక ఆ గట్టుతో భయమేముంది?" కొత్త గని అంటే నిద్రపోనివాళ్లే మూతపడిన గని పక్కన నిశ్చింతగా ఇల్లు కట్టుకుంటారు. అన్ని అపోహల్లోకీ ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే.

బ్రెజిల్‌లోని బ్రుమాదిన్యోలో 2019 జనవరి 25న తెగిన ఇనుప ఖనిజపు గట్టు ఎత్తు 86 మీటర్లు. అందులోకి బురద వదలడం 2016లోనే ఆపేశారు. భూకంపం రాలేదు. గట్టు స్థిరంగా ఉందన్న ధ్రువపత్రం కూడా ఉంది. కూలడం మొదలయ్యాక అంతా క్షణాల్లో అయిపోయింది. బురద వెళ్లి గని క్యాంటీన్ మీద పడింది, అదీ భోజనాల వేళ. 270 మంది పోయారు.

పైన ఎండి, గడ్డి మొలిచినా లోపలి బురద ఏళ్ల తరబడి నీళ్లు పట్టుకునే ఉంటుంది. పైగా వాన నీరు దిగుతూనే ఉంటుంది. వదులుగా పేరుకున్న రేణువులు పట్టు తప్పాయంటే, అప్పటిదాకా నేలలా ఉన్నది ఏరై పారుతుంది. బ్రుమాదిన్యో గట్టునైతే పాత బురద మీదే అంచెలంచెలుగా లేపారు, అంటే పునాదీ బురదే. చిలీ 1970లోనే ఈ పద్ధతిని నిషేధించింది. బ్రెజిల్‌కు 2019 దాకా పట్టింది.

"మీ మీటర్లు మాకు అర్థం కావు బాబూ, మేమేం చూసుకోవాలి?" అని ఒక సభలో పెద్దావిడ అడిగారు. గట్టు అడుగున ఊరే నీటిని గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచమన్నాను. (నోట్లో పోసుకోవద్దనీ చెప్పాను.) అడుగున సన్నని మడ్డి దిగితే లోపలి మట్టి కొట్టుకొస్తోందేమోనని అనుమానించాలి, ఆ పూటే కబురు చేయాలి. తేటగా ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోకండి. బ్రుమాదిన్యోలో కంటికి కనిపించే సూచనలేవీ లేవని నిపుణుల బృందం తేల్చింది. అందుకే కంపెనీని నిలదీసి అడగండి: పీజోమీటర్ల (గట్టు లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు) రీడింగులు చివరిసారి ఎప్పుడు తీశారు? గని మూసేశాక వాటిని చూసే మనిషికి జీతం ఎవరిస్తున్నారు? 2020 ఆగస్టులో వచ్చిన అంతర్జాతీయ టెయిలింగ్స్ ప్రమాణం మూసివేత తర్వాతి బాధ్యతనూ కలిపే చెబుతుంది. కానీ అది చట్టం కాదు, ఒప్పుకున్న కంపెనీలకే వర్తిస్తుంది.

మిగతా అపోహలు రెండు ముక్కల్లో. బంగారం తీయడానికి వాడే సైనైడ్ వందేళ్లు అలాగే ఉంటుందా? ఎండ తగిలితే చాలావరకు విరిగిపోతుంది. వందేళ్లు వేధించగలిగేది గని నుంచి కారే ఆమ్ల జలం, దాని గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. రీసైక్లింగ్ ఉంటే గనులే అక్కర్లేదా? గోడల్లో, మోటార్లలో ఉన్న రాగి దశాబ్దాల దాకా బయటికే రాదు.

వాన పడిన ప్రతి రాత్రీ "గట్టు తెగింది" అంటూ ఏ దేశానిదో పాత వీడియో పంపేవాళ్లకు ఒక దండం. అది చూసి వణికిపోతూ నాకు ఫోను చేసేవాళ్ల మీద మాత్రం విసుగు లేదు, ఏ వేళైనా చేయండి.