ఆప్షన్స్ ఫారం వెనుక కథ: సబ్జెక్టుల ఎంపిక పిల్లల చేతికి ఎలా వచ్చింది?

ఏ సబ్జెక్టుల్లో పరీక్ష రాయాలో విద్యార్థే ఎంచుకోవడం ఇప్పుడు చాలా దేశాల్లో మామూలైపోయింది. ఇంగ్లండులో అయితే 13, 14 ఏళ్ల పిల్లల చేతికి బడి ఒక ఆప్షన్స్ ఫారం ఇస్తుంది. ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు ఎలాగూ తప్పవు. మిగిలిన మూడో నాలుగో సబ్జెక్టుల సంగతి, అంటే చరిత్రా, భూగోళమా, ఫ్రెంచా, డ్రామానా, కంప్యూటర్ సైన్సా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. 16 ఏళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షలు వాటిలోనే ఉంటాయి.

ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటులా కనిపిస్తుంది గానీ, దీని వయసు మరీ ఎక్కువేం కాదు. పైగా పిల్లలకు ఎంచుకునే వీలు ఇవ్వడం ఒక పని, ఎంచుకోవడంలో సాయపడటం ఇంకో పని. ఈ రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల చేతుల మీదుగా మొదలయ్యాయి. ఎంపికను పరీక్షా సంఘాలు ఇచ్చాయి. సాయాన్ని ఉద్యోగాలు వెతికిపెట్టేవాళ్లు మొదలుపెట్టారు. నా ఉద్దేశంలో ఇప్పటి గందరగోళంలో సగం అక్కడి నుంచే వచ్చింది.

ముందుగా సాయం సంగతి. 1908 జనవరిలో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన వొకేషన్ బ్యూరో అని ఒక చిన్న కార్యాలయం తెరిచాడు. పని కోసం చూసే యువతకు ఏ వృత్తి నప్పుతుందో సలహా ఇవ్వడం దాని పని. ఆయన పద్ధతిలో మూడు మెట్లు ఉండేవి: ముందు నీ సంగతి నువ్వు తెలుసుకో, తర్వాత వృత్తుల సంగతి తెలుసుకో, ఆ రెంటికీ పొంతన ఎక్కడ కుదురుతుందో ఆలోచించు. ఆ ఏడాదిలోనే ఆయన చనిపోయాడు. ఈ పద్ధతి మీద ఆయన రాసిన పుస్తకం మరుసటి ఏడాది అచ్చయింది. వందేళ్లు దాటినా కెరీర్ కౌన్సెలింగ్ పేరుతో బడుల్లో ఇచ్చే ప్రశ్నాపత్రాల్లో చాలావాటి వెనుక ఈ మూడు మెట్లే ఉంటాయి. ఇంగ్లండులోనూ ఇది ఉద్యోగాల వైపు నుంచే మొదలైంది. 1910లో వచ్చిన చట్టం 17 ఏళ్ల లోపు వాళ్లకు ఉపాధి ఎంపికలో సలహా ఇచ్చే అధికారాన్ని స్థానిక విద్యా సంస్థలకు ఇచ్చింది. బడి వదిలి వెళ్లేవాడికి పని చూపించడానికి పుట్టిన పద్ధతి అది. బడిలోనే ఇంకా మూడేళ్లు చదవాల్సిన పిల్లకి చరిత్ర తీసుకోవాలా, భూగోళం తీసుకోవాలా అన్న ప్రశ్న అందులో లేదు.

ఎందుకు లేదంటే, అప్పటికి ఆ ప్రశ్న పెద్దగా పుట్టనే లేదు. అమెరికాలో 1892లో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వంలో పదిమంది కమిటీ ఒకటి కూర్చుంది. విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు విచ్చలవిడిగా ఎంపిక ఇచ్చినవాడు ఎలియట్. హైస్కూలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ కమిటీ నాలుగు కోర్సుల పట్టికలతో సరిపెట్టింది. ఎంచుకుంటే మొత్తం కట్టను ఎంచుకోవాలి.

ఇంగ్లండులోనూ అంతే. 1918 నుంచి నడిచిన స్కూల్ సర్టిఫికెట్ పరీక్షలో సబ్జెక్టులను గ్రూపులుగా కట్టారు. ఇంగ్లిషు, దానికి సంబంధించినవి ఒక గ్రూపు, ఇతర భాషలు ఒకటి, సైన్సు-లెక్కలు ఒకటి. దేన్నీ పూర్తిగా వదిలేయడానికి లేదు. మిగతా అన్నిటిలో మంచి మార్కులు వచ్చినా ఒక గ్రూపు తప్పితే సర్టిఫికెట్టే చేతికి రాదు. ఎంత కఠినం అనిపిస్తుంది! కానీ అందులో ఒక రకమైన నిశ్చింత కూడా ఉంది: తప్పుడు సబ్జెక్టు తీసుకున్నానేమో అని ఎవరూ కుమిలిపోయే పని లేదు.

1951లో ఆ పరీక్ష పోయి, 16 ఏళ్లకు రాసే ఓ లెవెల్ అనే పరీక్ష వచ్చింది. ఈ కథలో అసలు మలుపు ఇదే. ఇక నుంచి పాసయినా తప్పినా ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టే. అయిదు రాసి మూడింట్లో పాసయితే ఆ మూడూ నీవే. కట్ట విప్పేశారన్నమాట. ఏవి రాయాలి, ఏవి వదలాలి అన్న ప్రశ్న అప్పుడు నిజంగా పుట్టింది. అయితే అది గ్రామర్ స్కూళ్లలో, అంటే ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే బడుల్లో చదివే కొద్దిమందికే. మిగతా పిల్లల్లో ఎక్కువమంది 15 ఏళ్లకే ఏ పరీక్షా రాయకుండా బడి మానేసేవారు. వాళ్ల కోసమని 1965లో సీఎస్‌ఈ అని మరో పరీక్ష పెట్టారు. 1972లో బడిలో ఉండాల్సిన వయసును 16కు పెంచారు. అప్పటికి అందరూ కలిసి చదివే కాంప్రెహెన్సివ్ బడులు కూడా పెరిగాయి. అలా సబ్జెక్టులు ఎంచుకోవడం దాదాపు ప్రతి ఇంటి వ్యవహారం అయింది.

ఆ రోజుల్లో రెండు ఎంపికలు ఉండేవి. ఏ సబ్జెక్టు అన్నది ఒకటి. అందులో ఓ లెవెలా, సీఎస్‌ఈనా అన్నది రెండోది. ఫారంలో కనిపించేది మొదటిదే. రెండోది ఎక్కువగా టీచర్లే తేల్చేవారు, నిజానికి ముందున్న దారిని తేల్చేదీ అదే. ఈ రెంటినీ కలిపి ఒకే పరీక్ష చేయాలని 1984లో విద్యామంత్రి కీత్ జోసెఫ్ ప్రకటించాడు. 1986లో క్లాసులు మొదలై, 1988లో మొదటి జీసీఎస్‌ఈ పరీక్షలు జరిగాయి.

టైంటేబుల్ సంగతి ఇక్కడ చెప్పకపోతే కుదరదు. ఆప్షన్స్ ఫారంలో సబ్జెక్టులు సాధారణంగా కాలమ్‌లుగా ఉంటాయి. ఒక్కో కాలమ్ నుంచి ఒక్కటే తీసుకోవాలి, ఎందుకంటే ఆ కాలమ్‌లోని క్లాసులన్నీ ఒకే గంటలో జరుగుతాయి. మ్యూజిక్, జర్మన్ ఒకే కాలమ్‌లో పడితే ఆ రెండూ కావాలనుకున్న పిల్లకి ఒకటి పోయినట్టే. ఏ సబ్జెక్టుకు ఎంతమంది టీచర్లున్నారు, ల్యాబ్ ఎప్పుడు ఖాళీ అన్న లెక్కల మీద ఈ కాలమ్‌లు తయారవుతాయి. మంచి బడులు ముందు పిల్లల ఇష్టాలు అడిగి, తర్వాత కాలమ్‌లు వేస్తాయి. కొన్ని బడులు కాలమ్‌లు వేసేసి, ఇప్పుడు ఎంచుకో అంటాయి. ఏ కౌన్సెలర్ ఎంత బాగా మాట్లాడినా ఈ తేడా ముందు దిగదుడుపే.

ఒకప్పుడు ఆడపిల్లలు ఇంటిపని, వంట నేర్పే సబ్జెక్టు వైపు, మగపిల్లలు చెక్కపని, లోహపు పని వైపు వెళ్లేలా ఏర్పాట్లు ఉండేవి. 1975లో వచ్చిన లింగ వివక్ష నిషేధ చట్టం దీన్ని అడ్డుకుంది. చట్టం వచ్చాక కూడా స్వేచ్ఛగా ఎంచుకోమంటే చాలామంది ఆడపిల్లలు ఫిజిక్స్ వదిలేస్తూనే ఉన్నారు. ఇది ఎందుకో అమెరికన్ పరిశోధకురాలు లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో వివరించే ప్రయత్నం చేసింది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్యే పిల్లలు ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని అని కొన్నిటిని కొట్టేసుకుంటారని, ఆ తర్వాత 13 లోపు ఇది మా స్థాయికి కాదు అని మరికొన్నిటిని కొట్టేసుకుంటారని ఆమె వాదన. అదే నిజమైతే ఫారం చేతికి వచ్చే సమయానికి పిల్లలు చాలా దారులు ముందే మూసేసుకుని ఉంటారు. ఇంగ్లండులో ఆ పరిస్థితిని మార్చింది సలహాలు కాదు. 1988 చట్టంతో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక 16 ఏళ్ల వరకు అందరికీ సైన్సు తప్పనిసరి చేసింది. అంటే ఎంపికను తగ్గించడం వల్లే దారులు తెరుచుకున్నాయి. ఎంపిక ఎంత ఎక్కువైతే అంత మంచిదనేవాళ్లు ఈ ఉదాహరణకు జవాబు చెప్పాలి.

దీనికి తిరగేసిన ఉదాహరణ 2004లో వచ్చింది. 14 ఏళ్లు దాటిన పిల్లలకు విదేశీ భాష తప్పనిసరి కాదన్నారు. ఫ్రెంచి, జర్మన్ రాసేవాళ్ల సంఖ్య పడిపోయింది.

బడుల ఫలితాల పట్టికలను 1992 నుంచి ప్రచురించడం మొదలుపెట్టాక సలహా ఇచ్చేవాళ్లకు కూడా ఒక స్వార్థం వచ్చి చేరింది. జీఎన్‌వీక్యూ అనే ఒక వృత్తి కోర్సును ఆ పట్టికల్లో నాలుగు జీసీఎస్‌ఈలతో సమానంగా లెక్కవేసేవారు. ఇంకేం, చాలా బడులు పిల్లల్ని అటు తోశాయి. పట్టికలో బడి పైకి వెళ్లింది, పిల్లలకేమో ముందు కాలేజీలో, ఉద్యోగంలో పెద్దగా విలువ దొరకని సర్టిఫికెట్లు మిగిలాయి. 2011లో వృత్తి విద్య మీద ప్రొఫెసర్ ఆలిసన్ వుల్ఫ్ ఇచ్చిన నివేదిక ఇలాంటి తీరును గట్టిగానే ఎండగట్టింది. అప్పటికే ప్రభుత్వం ఈబాక్ అనే కొత్త కొలత తెచ్చింది. ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు, ఒక భాష, చరిత్ర లేదా భూగోళం: వీటన్నిటిలో ఎంతమంది పిల్లలకు మంచి గ్రేడు వచ్చిందన్నది బడికి కొలత. విచిత్రం ఏమిటంటే, ఈ కొలతతో మొదట లెక్కవేసింది 2010 వేసవిలో పరీక్ష రాసేసిన పిల్లల ఫలితాలను. వాళ్లు సబ్జెక్టులు ఎంచుకునేనాటికి ఆ పేరు కూడా ఎవరికీ తెలియదు. తర్వాతి బ్యాచ్‌లలో కాలమ్‌లు మారాయి, డ్రామా, మ్యూజిక్ లాంటివి ఇరుకున పడ్డాయని కళల టీచర్లు మొత్తుకున్నారు.

ఆ సమయంలోనే 2001 నుంచి నడుస్తున్న కనెక్షన్స్ అనే యువత సలహా సేవను పక్కన పెట్టారు. 2012 సెప్టెంబరు నుంచి నిష్పాక్షికమైన కెరీర్ సలహా ఏర్పాటు చేసే బాధ్యతను బడుల మీదే వేశారు. పట్టికలో తన స్థానం పెరగాలని చూసే బడే పిల్లకి నిష్పాక్షిక సలహా కూడా ఏర్పాటు చేయాలి! 2014లో గ్యాట్స్‌బీ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ బడుల్లో కెరీర్ సలహాకు ఎనిమిది ప్రమాణాలు ఇచ్చాక పరిస్థితి కొంత కుదుటపడింది. 16 ఏళ్లు నిండేలోపు ప్రతి విద్యార్థితో శిక్షణ పొందిన సలహాదారు ఒకసారైనా విడిగా మాట్లాడాలన్నది వాటిలో ఒకటి. మంచిదే. కానీ ఆ మాటలు ఆప్షన్స్ ఫారం నింపేశాక జరిగితే ఏం లాభం?

ఇదంతా ఒక్క ఇంగ్లండు గొడవే అనుకోనక్కర్లేదు. చైనాలో జెజియాంగ్, షాంఘై 2014లో కొత్త పద్ధతి మొదలుపెట్టాయి. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో మూడు సబ్జెక్టులను విద్యార్థులు ఎంచుకోవచ్చన్నాయి. తోటివారితో పోల్చి గ్రేడు ఇచ్చే పద్ధతి కావడంతో, బాగా చదివేవాళ్లు పోగయ్యే ఫిజిక్స్ నుంచి మిగతావాళ్లు తప్పుకున్నారు. తర్వాత చేరిన చాలా ప్రాంతాలకు 3+1+2 పద్ధతి పెట్టి, మూడు తప్పనిసరి సబ్జెక్టులు కాక ఫిజిక్స్, చరిత్రలలో ఒకటి, మిగతావాటిలో రెండు తీసుకోవాల్సిందే అన్నారు. ఫ్రాన్సులో సాహిత్యం, ఆర్థికశాస్త్రం, సైన్సు అన్న పాత శాఖలను తీసేసి, మూడు ప్రత్యేక సబ్జెక్టులు ఎంచుకునే వీలిచ్చారు. 2021లో ఆ పద్ధతిలో మొదటి బాకలోరియా, అంటే బడి చదువు చివర రాసే పరీక్ష జరిగింది. లెక్కలు వదిలేసేవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎంత పెరిగారంటే 2023లో లెక్కలను మళ్లీ అందరికీ పెట్టాల్సి వచ్చింది. భారతదేశంలో 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఏడు విభాగాలతో బహుళార్థ పాఠశాలలు కావాలంది, 2020 జాతీయ విద్యావిధానం ఆర్ట్స్, సైన్సుల మధ్య గోడలు ఉండకూడదంది.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు పిల్లలు ముందున్న గేటును చూస్తారు, అది సహజం. ఆ గేటు ఏమడుగుతుందో చెప్పాల్సింది విశ్వవిద్యాలయాలు. బ్రిటన్‌లో పరిశోధనకు పేరున్న రస్సెల్ గ్రూపు విశ్వవిద్యాలయాలు 2011లో ఒక గైడు వేసి, ఎక్కువ డిగ్రీలకు దారి తీసే కొన్ని ఏ లెవెల్ (18 ఏళ్లకు రాసే పరీక్ష) సబ్జెక్టుల పట్టిక ఇచ్చాయి. ఆ పట్టికలో లేనివి పనికిరానివని జనం అర్థం చేసుకున్నారు. 2019లో దాన్ని తీసేసి, ఏ డిగ్రీకి ఏ సబ్జెక్టు కావాలో విడివిడిగా చూసుకునే వీలు కల్పించారు. పిల్లలకు ఇంతకంటే పనికొచ్చే సాయం ఈ మొత్తం కథలో నాకు కనిపించలేదు. ఎవరికీ ఏ సబ్జెక్టూ అంటగట్టదు, ఏది వదిలితే ఏ దారి మూసుకుంటుందో మాత్రం చెబుతుంది.

ఇంగ్లండులో 2025 నవంబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక సమీక్ష నివేదిక ఈబాక్‌ను తీసేయమంది, ప్రభుత్వం సరేనంది. ఫారంలోని కాలమ్‌లు మళ్లీ మారతాయి. కొత్త కొలత ఏదైనా, అది బడులను ఎటు నెడుతుందో ఇళ్లలో తల్లిదండ్రులకు తెలియడానికి ఒకటి రెండు బ్యాచ్‌లు పడుతుంది.