సంతకం పెట్టి వెళ్ళమ్మా

ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కనైనా డాక్యుమెంట్ రైటర్ షెడ్డులో ఓ గంట కూర్చుంటే ఈ దృశ్యం కనబడుతుంది. అన్నదమ్ములు బల్ల దగ్గర నిలబడి పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులు సర్దుతుంటారు. చెల్లెలు కాస్త ఎడంగా, ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. రైటర్ కాగితాలు తిప్పుతూ "ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెట్టమ్మా" అంటాడు. పుట్టింటి ఆస్తిలో తన వాటా వదులుకుంటున్నట్టు ఆమె రాసిస్తున్నది హక్కు విడుదల పత్రం, వాడుకలో రిలీజ్ డీడ్. ఎంత పుచ్చుకుని వదులుకుందో కాగితంలో ఒకటి ఉంటుంది, ఇంట్లో జరిగింది ఇంకొకటి.

యాభై ఏళ్ల కిందట ఆడపిల్లను ఈ సంతకం అడగాలన్న ఆలోచనే చాలా ఇళ్లలో వచ్చేది కాదు. పెళ్ళిలో కట్నం, బంగారం, ఉన్నవాళ్ళయితే పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో. అక్కడితో పుట్టింటి లెక్క తేలిపోయినట్టే. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి హక్కు ఇవ్వలేదని కాదు. తండ్రి స్వార్జితంలో కొడుకుతో సమానంగా ఇచ్చింది. చిక్కంతా పిత్రార్జితంతోనే. అందులో కొడుకులు పుట్టుకతోనే వాటాదారులు, కూతురు కాదు.

తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ఆరెకరాల పిత్రార్జితం అనుకుందాం. తల్లి ముందే పోయింది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, పాత లెక్కలో ముందు తండ్రికి, కొడుకులకు తలా రెండెకరాలు. తండ్రి భాగంలోని రెండెకరాలను మాత్రమే ముగ్గురు పిల్లలకు పంచుతారు. కూతురికి దక్కేది సుమారు 67 సెంట్లు. అన్నదమ్ములకు తలా 2 ఎకరాల 67 సెంట్లు. ఆ 67 సెంట్లు కూడా అడిగితే ఊళ్ళో మాట పడాల్సిందే.

భూ సంస్కరణలు కూడా ఈ లెక్కను మార్చలేదు. 1973 భూ గరిష్ఠ పరిమితి చట్టం ప్రకారం, నేల రకాన్ని బట్టి ఒక కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. మేజరైన కొడుకు ఉంటే, అతని పేర భూమి లేకపోయినా తక్కువున్నా, ఆ మేరకు కుటుంబం పరిమితి పెరిగేలా 1977లో సవరించారు. మేజరైన కూతురి ఊసు లేదు. భూమిని కాపాడుకోవడానికి కాగితాల మీద పంపకాలు చేసుకున్న కుటుంబాలకు కొడుకు అక్కరకొచ్చాడు, కూతురు రాలేదు.

1985లో రెండు సంగతులు జరిగాయి. మార్చిలో కేంద్రం ఎస్టేట్ డ్యూటీ ఎత్తేసింది. చనిపోయినవారి ఆస్తి మీద 1953 నుంచి ఉన్న పన్ను అది. పై శ్లాబులో 85 శాతం దాకా వెళ్ళింది కానీ ఖజానాకు రాలిందేమీ పెద్దగా లేదు. అంతకన్నా పెద్ద సంగతి ఆ సెప్టెంబరు 5ది. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆ తేదీ నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. పిత్రార్జితంలో కూతురు కూడా పుట్టుకతోనే వాటాదారు అయింది. మన ఆరెకరాల ఇంట్లో ఇప్పుడు ముగ్గురు పిల్లలకూ తలా రెండెకరాలు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే బాట పట్టాయి. మనవాళ్ళు పెట్టిన మెలిక ఒకటుంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన ఆడపిల్లకు ఇది వర్తించదు. ఆగస్టులో పెళ్ళయిన అక్కకు లేదు, నవంబరులో పెళ్ళయిన చెల్లికి ఉంది.

చట్టం భూమి దగ్గరికి వచ్చేసరికి మధ్యతరగతి భూమిని వదిలి బయల్దేరింది. పంటల మీద మిగిలిన డబ్బు పిల్లల చదువుల్లోకి, అక్కణ్ణుంచి సర్కారు ఉద్యోగాల్లోకి వెళ్ళింది. ఉద్యోగికి పెన్షన్ ఉంది, కానీ దాన్ని కొడుకులకు పంచలేడు. అందుకని పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు ఫ్లాటుగానో, కూతురి పెళ్ళిగానో, కొడుకు ఫీజుగానో మారింది. 2004 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్ర సర్కారులో చేరినవాళ్ళకు ఆ పాత పెన్షన్ కూడా లేదు. ఎకరం అమ్మి ఇంజనీరింగ్, ఇంకో ఎకరం అమ్మి అమెరికాలో ఎమ్మెస్. అంటే ఆస్తి పంపకం తండ్రి పోయాక కాదు, తండ్రి బతికుండగానే, సెమిస్టర్ల వారీగా జరిగిపోతోంది.

నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. అమ్మాయి పెళ్ళికి పెట్టింది ఇంటి పద్దులో ఉంటుంది, పాతికేళ్ళయినా నోటి లెక్కగా చెబుతారు. అబ్బాయి ఎమ్మెస్‌కు పెట్టింది ఏ పద్దులోనూ ఉండదు. వాటా మాట ఎత్తగానే "నీకు ఇచ్చింది ఇచ్చేశాం కదా" అన్న మాట వచ్చేది ఆ సగం రాసిన పద్దులోంచే.

తర్వాత కేంద్రం కదిలింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా హిందూ కుటుంబాల్లో కూతురు వాటాదారే, పెళ్ళయిందా లేదా అన్న అడ్డు లేదు. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంచుకున్న ఆస్తుల జోలికి మాత్రం వెళ్ళలేదు. 2005 సెప్టెంబరు 9కి తండ్రి బతికి ఉండాలా అన్న దానిపై ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈలోగా హైదరాబాద్ చుట్టూ, తర్వాత అమరావతి వైపు ఎకరం ధర మారిపోయింది. ఎవరూ పట్టించుకోని పొలానికి రోడ్డు పడింది, సంతకానికి విలువ వచ్చింది. రిలీజ్ డీడ్ అడగడం మర్యాద పోయి అవసరమైంది.

ఇప్పుడు కొడుకు సంతకం కోసం కూడా ఎదురుచూడాల్సి వస్తోంది. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ పొలం కొనకూడదు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. డాలస్‌లో ఉన్న కొడుకు తన తరఫున సంతకం పెట్టే అధికారమిస్తూ పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ పని మీద తిరిగేది ఊళ్ళోనే ఉన్న అక్కో, బావో. అమ్మానాన్నల బీపీ మాత్రలు తెచ్చేదీ వాళ్ళే.

అందుకేనేమో పిల్లలకు ఆస్తి దానంగా ఇస్తూ గిఫ్ట్ డీడ్‌లు రాయించే పెద్దవాళ్ళు జాగ్రత్త పడుతున్నారు. 2007 వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆ దానాన్ని రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉన్నట్టు చూపలేకపోతే కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో కేసులో పెద్దల పక్షాన కాస్త ఉదారంగానే చూసింది. రైటర్లను అడిగితే ఆ పంచాయితీ ఎందుకని ముందే ఓ వాక్యం కలిపేస్తామంటారు: "సదరు ఆస్తి పొందినవారు దాతలను జీవితాంతం పోషించవలెను." అబ్బాయి పేరున్నా, అమ్మాయి పేరున్నా అదే వాక్యం.