ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్: నా దగ్గరికొచ్చేవాళ్లు చెప్పే అపోహలు, అసలు సంగతులు

హైదరాబాద్ శివారు మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ పని చేసి రిటైరయ్యాను. ప్లాటు కొనేముందు కాగితాలు చూసిపెట్టమని చుట్టాలు, వాళ్ల చుట్టాలు వస్తుంటారు. చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా 2024 జులైలో ఏర్పాటయ్యాక ఈ రాక బాగా పెరిగింది. తెచ్చే ఫైలు లావుగానే ఉంటుంది. చెరువు మ్యాపు మాత్రం అందులో ఉండదు. చెరువు నిండినప్పటి నీటి మట్టం (ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్) ఎక్కడిదాకా, దాని చుట్టూ కట్టకుండా వదలాల్సిన జాగా (బఫర్ జోన్) ఎక్కడిదాకా అన్నది చూడాల్సింది ఆ మ్యాపులోనే.

అపోహ: రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరుంది. ఇంకేం కావాలి?

ఒకసారి ఓ కాలనీకి నోటీసు ఇవ్వడానికి వెళ్లాను. ఇంటావిడ క్యారీబ్యాగులోంచి సేల్ డీడ్, పన్ను రసీదులు, నల్లా బిల్లు, కరెంటు బిల్లులు ఒక్కొక్కటే తీసి టీపాయ్ మీద పేర్చింది. ఏళ్ల నాటి రసీదులు కూడా నలగకుండా దాచుకుంది. ఆమె వెనక గోడ మీద మోకాలెత్తున గోధుమరంగు గీత ఉంది. ఏంటమ్మా అది అంటే, "పోయిన వానాకాలానిది సార్, రెండుసార్లు సున్నం కొట్టించినా పైకి తేలుతోంది" అంది.

ఆ కాగితాల్లో ఏదీ దొంగది కాదు. కానీ సబ్ రిజిస్ట్రార్ చూసేది లావాదేవీని. నిషేధిత జాబితాలో లేని సర్వే నంబరైతే డాక్యుమెంటు రిజిస్టర్ చేసేస్తారు, అది చెరువులో ఉందో లేదో కొలవరు. పన్ను అనేది కట్టడం ఉన్నందుకు వేస్తారు. అనుమతి లేని ఇంటికి జరిమానాతో కలిపి మరీ వేస్తారు, అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. నాలా కన్వర్షన్ అయిందని ధీమాగా ఉండేవాళ్లు ఇంకొందరు. ఆ నాలాకూ మురికి నాలాకూ సంబంధం లేదు బాబూ! వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చినట్టు మాత్రమే దానర్థం.

అపోహ: చెరువు ఎండిపోయి ఇరవై ఏళ్లయింది. నీళ్లే లేనప్పుడు ఎఫ్‌టీఎల్ ఎక్కడిది?

నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది లెక్కలోకే రాదు. చెరువు నిండి అలుగు దుంకడం మొదలయ్యే మట్టమే ఎఫ్‌టీఎల్. సర్వేయరు లెవెల్ మిషను పెట్టి అలుగు పైభాగం ఎత్తు తీసుకుంటాడు. అదే ఎత్తు చెరువు చుట్టూ నేల మీద ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుంటూ పోయి ఆ చుక్కలు కలిపితే వచ్చేదే ఎఫ్‌టీఎల్ గీత. మండు వేసవిలోనైనా ఆ గీత గీయొచ్చు. అలుగును రాత్రికి రాత్రి పగలగొట్టి చెరువు ఖాళీ చేయించిన ఘనులను చూశాను. రికార్డులో ఉన్న మట్టం దాంతో తగ్గదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అలుగు మీదుగా మూడడుగుల ఎత్తున నీళ్లు పోతున్నాయంటే చెరువులో మట్టం ఎఫ్‌టీఎల్ కంటే దాదాపు అంతే పైన ఉన్నట్టు. ఎఫ్‌టీఎల్ గీతకు ఆనుకుని ఇవతల ఉన్న ఇల్లు వరదొచ్చిన రోజున అవతలిదైపోతుంది. బఫర్ ఉన్నది అందుకే, పార్కు కోసమని కాదు. 2020 అక్టోబరు వానలకు టోలిచౌకి దగ్గర నదీమ్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. పక్కనే షా హాతిం చెరువు.

అపోహ: నా పట్టా భూమిలో నన్ను ఆపే హక్కు మున్సిపాలిటీకి లేదు.

చెరువు లోపల ఉన్నదంతా ప్రభుత్వ భూమి కాదు, ఇది నిజం. శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల మీద కూడా పట్టాలున్నాయి. నీళ్లు తగ్గాక సేద్యం చేసుకునే హక్కు రైతుకు ఉంటుంది. అమ్ముకోవచ్చు కూడా. కట్టడానికి మాత్రం వీల్లేదు. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, దాంట్లో ఏం చేయొచ్చన్నది ఇంకో ప్రశ్న. పట్టా మొదటిదానికే జవాబు.

కొలతలు 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లో ఉన్నాయి. ఎఫ్‌టీఎల్ లోపల అసలేమీ కట్టకూడదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువైనా కుంటైనా 9 మీటర్లు వదలాలి. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నది అంచు నుంచి మున్సిపల్ పరిధిలో 50, బయట 100 మీటర్లు. బఫర్‌లో పోయిన జాగాను లేఅవుట్‌లో ఖాళీ స్థలం కింద చూపించుకోవచ్చు. సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కింద చూపిస్తామంటే కుదరదు.

అపోహ: పర్మిషన్ తీసుకునే కట్టాం, కాబట్టి భయం లేదు.

ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే టీఎస్ బీపాస్ వచ్చాక చిన్న ఇళ్లకు అనుమతి సొంత ధ్రువీకరణ మీదే వస్తోంది. నా ప్లాటు చెరువులో లేదని రాసిచ్చేది మీరే. అది తప్పని తేలితే ఆ అనుమతి మిమ్మల్ని కాపాడదు. తప్పుడు సమాచారంతో తెచ్చుకున్న అనుమతిని రద్దుచేసే అధికారం జీహెచ్‌ఎంసీ చట్టం సెక్షన్ 450లోనే ఉంది.

ఇక్కడ మా వాళ్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. పునాది తీస్తున్నప్పుడు ఒక్క చైన్‌మన్ వెళ్లి టేపు పట్టి ఉంటే ఆగిపోయేవి ఎన్నో. ఎన్‌ఓసీ మీద సంతకం పెట్టినవాళ్లు ఇప్పుడు నాలాగే పెన్షన్ తీసుకుంటున్నారు. ఈఎంఐ కొన్నవాడు కడుతున్నాడు.

అపోహ: ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కట్టేస్తే సరిపోతుంది.

సరిపోదు. ఎఫ్‌టీఎల్‌లో, నాలాలో ఉన్న ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ లేదు.

అపోహ: 15 రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దని సుప్రీంకోర్టు చెప్పింది.

2024 నవంబరు 13న చెప్పింది నిజమే. వాట్సాప్‌లో తిరిగే ముక్కలో అదే తీర్పులోని ఇంకో వాక్యం ఉండదు: రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవు. అలాగని నోటీసే అక్కర్లేదనుకోవద్దు. జీహెచ్‌ఎంసీ చట్టంలో 452 కింద షోకాజు, జవాబు చూశాక 636 కింద తుది ఉత్తర్వు అనే వరస ఉంది. శని, ఆదివారాల్లో కూల్చివేతలేమిటని 2024 సెప్టెంబరులో మన హైకోర్టు కూడా అడిగింది. పట్టా భూమిలో, అదీ బఫర్‌లో ఉన్న ఇంటికి వరస తప్పకూడదనేదే నా అభిప్రాయం. నోటీసు గోడకు అంటించారు, మేం తీసుకోలేదు కాబట్టి చెల్లదు అనేవాళ్లుంటారు. అంటించి పంచనామా రాస్తే అందినట్టే లెక్క. జవాబు రాయండి.

అపోహ: మా చెరువుకు ఫైనల్ నోటిఫికేషన్ రాలేదు, అందాకా ఎఫ్‌టీఎల్ లేనట్టే.

ఉన్నట్టే. ఇరిగేషన్, రెవెన్యూ రికార్డుల ప్రకారం చూడాలని జీవోలోనే రాశారు. ప్రిలిమినరీ మాత్రమే వచ్చిందంటే మీకు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఉందన్నమాట. మ్యాపులు హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో సర్వే నంబర్లతో సహా ఉంటాయి. గీత తప్పుగా పడిందనిపిస్తే ఉత్త దరఖాస్తు రాసి ఊరుకోకండి. గ్రామ నక్షా, టీపన్ (సర్వే నంబరు కొలతల పటం) సర్టిఫైడ్ కాపీలు జతచేసి, ఇరిగేషన్, రెవెన్యూ కలిసి జాయింట్ సర్వే చేయాలని అడగండి. సర్వే రోజున మీరు అక్కడ నిలబడండి. మిషను ముందు అలుగు మీద పెట్టారా, నేరుగా మీ గోడ దగ్గర పెట్టారా చూసుకోండి.